అక్క బాగుందన్న ఇల్లు

జూన్ 4

అక్కా,

ముందే చెప్తున్నాను, ఈ ఉత్తరం చివరిదాకా చదివాకే తిట్టడం మొదలుపెట్టు. ఫోన్‌లో చెబుదామనుకున్నాను గానీ, మనిద్దరం ఫోన్‌లో మాట్లాడుకుంటే ఏమవుతుందో తెలుసుగా. నువ్వు "ఏంటీ?" అంటావు, నేను "ముందు వినక్కా" అంటాను, ఎవరో ఒకరం పెట్టేస్తాం. పోయినసారి పెట్టేసింది నువ్వే. కాదంటే వాదించను, వాదించడానికి స్టాంపు దండగ.

విషయం ఏమిటంటే, ఒక ఇల్లు చూశాను. మా డిపో బస్సు దారిలో ఆగిపోతే మెకానిక్‌తో పాటు నన్నూ తోలారు. టైమ్‌కీపర్‌ని బస్సు రిపేరుకి పంపే డిపో లోకంలో మాదొక్కటే. మెకానిక్ బస్సు కింద దూరాక నాకేం పని? ఊళ్ళోకి నడిచాను. ఊరి చివర, పొలాలు మొదలయ్యే చోట ఉంది ఇల్లు. రాతి గోడలు, పెంకుల కప్పు, ముందు పొడుగాటి వరండా. కింద నాలుగు గదులు, పైన ఒకటి. గోడలు ఎంత మందమంటే కిటికీలో మనిషి కాళ్ళు ముడుచుకుని కూర్చోవచ్చు. నేను కూర్చున్నాను. ఇంటావిడ వచ్చి "ఎవరండీ మీరు, మా కిటికీలో?" అనేదాకా లేవలేదు.

ఆవిడ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారట, ఊళ్ళో అందరూ నర్సమ్మగారంటారు. చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నారు, ఇల్లు అమ్మేస్తారు. చిన్నాచితకా పనులున్నాయనుకో. వెనక గోడ కాస్త ఒరిగింది. కప్పు అక్కడక్కడా కారుతుంది. పైకి వెళ్ళే మెట్లలో ఒకటి లేదు, తెలిసినవాళ్ళు దాటేస్తారు. బాత్రూమ్ ప్రస్తుతానికి లేదు. ఒకప్పుడు ఉండేదట.

నీ షాపూ, పైన నువ్వుండే గదీ ఉన్న బిల్డింగ్ డిసెంబరులో కొట్టేస్తున్నారు. మార్చిలో నేను రిటైరైతే క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. నీ దగ్గరున్నదీ నా దగ్గరున్నదీ కలిపితే ఆ ఇల్లు వస్తుంది. విడిగా అయితే నీకో అద్దె గది, నాకో అద్దె గది. ఆలోచించు. ఫోటో పెడుతున్నాను.

నీ తమ్ముడు


జూన్ 13

ఒరేయ్ తమ్ముడూ,

చివరిదాకా చదివాను. నువ్వు చెప్పినట్టే ఆ తర్వాతే మొదలుపెడుతున్నాను.

నీకు మతి ఉందా, బస్సు కింద పడేసి వచ్చావా? ఫోటోలో సగం నీ బొటనవేలే ఉంది. మిగతా సగంలో కనిపించింది ఇల్లా? వరండా స్తంభం ఒకటి అటు చూస్తోంది, ఒకటి ఇటు చూస్తోంది. కప్పు మీద గడ్డి మొలిచింది. ఒరిగిన గోడని "కాస్త" అంటావు, లేని మెట్టుని "దాటేస్తారు" అంటావు. నా మోకాళ్ళతో నేను దాటనా? బాత్రూమ్ ఒకప్పుడు ఉండేదని సంబరంగా రాశావు. ఒకప్పుడు నాకు నల్లటి జుట్టు కూడా ఉండేది, ఇప్పుడేం చేసుకోను?

మనిషన్నవాడు ఇల్లు చూడ్డానికి వెళ్తే కుళాయి తిప్పి చూస్తాడు, తలుపు వేసి చూస్తాడు. కిటికీలో కూర్చుని వచ్చాడట! ఆ తలుపులకి గొళ్ళేలైనా ఉన్నాయా? వానాకాలంలో దారి ఉంటుందా? ఒంట్లో బాగోకపోతే ఆసుపత్రి ఎంత దూరం? అమ్మేసి పోయే నర్సమ్మ మన వెంట ఉండదుగా!

ఇక్కడ నా తిప్పలు నావి. నిన్న ఆడవాళ్ళ హాస్టల్ చూసి వచ్చాను. శుభ్రంగానే ఉంది. మంచం, బీరువా, కిటికీకి తెర. కుట్టుమిషన్ తెచ్చుకుంటానంటే వార్డెన్ నన్ను ఎగాదిగా చూసింది. చప్పుడు అవుతుందట, కుదరదట. పద్దెనిమిదో ఏట మొదలుపెట్టి ఇవాళ్టిదాకా మిషన్ మీద నుంచి లేవలేదు నేను. అది లేకుండా ఆ మంచం మీద కూర్చుని రోజంతా ఏం చెయ్యాలి, తెరలో పువ్వులు లెక్కపెట్టనా? అలా అని ఆ కొంపలో మాత్రం పడలేను. ఆ ఇల్లు వద్దు. వద్దంటే వద్దు.

వేళకి తిను. మరదలు పోయాక నువ్వు వండుకోవడం మానేశావని నాకు తెలియదనుకోకు.

అక్క


జూన్ 20

అక్కా,

నీ ఉత్తరం చదివాక ప్రాణం లేచొచ్చింది! ఇంతలా తిట్టావంటే నీకు బాగా నచ్చిందన్నమాట. మొత్తం ఉత్తరంలో ఒక్క మంచి మాట లేదు. అచ్చం అమ్మే.

బట్టల షాపులో అమ్మ ఎలా చేసేదో మర్చిపోయావా? నచ్చిన చీర చేతికొస్తే చాలు, "ఛీ, ఇదేం రంగండీ, ఒక్క ఉతుక్కి గోనెసంచి అవుతుంది" అనేది. పక్కన నేను "బాగుందమ్మా, తీసుకోమ్మా" అని ఆవిడ కొంగు పట్టుకు లాగాలి. పొగిడే పని నాది, తిట్టే పని అమ్మది. షాపతను ఆశపడీ బెంగపడీ ధర దించేవాడు. అదే అమ్మ ఏ చీరనైనా "బాగుందండి" అన్నదా, వద్దన్నట్టే, అతను మారు మాట్లాడకుండా మడతపెట్టి లోపల పెట్టేసేవాడు. మనం చెప్పులేసుకునేవాళ్ళం. అమ్మ పోయాక తిట్టే పని నీకే వచ్చింది. నువ్వు ఆవిడని మించిపోయావు.

అందుకే నీ ఉత్తరం తీసుకెళ్ళి నర్సమ్మగారికి చదివి వినిపించాను. మొత్తం. స్తంభాలు, గడ్డి, గొళ్ళేలు, ఏదీ వదల్లేదు. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "మీ అక్కగారు రాకుండానే ఇన్ని కనిపెట్టారా?" అన్నారు. ముఖం కాస్త ఎర్రబడింది. ధర ఇంకా దించలేదు గానీ, మర్నాడే మేస్త్రిని పిలిపించి గోడకి దుంగలు ఆనించారు. గొళ్ళేలకి నూనె కూడా వేశారు. మనం కొనకముందే రిపేర్లు మొదలయ్యాయి, చూశావా నీ నోటి మహిమ? ఇంకో ఉత్తరం రాయి. ఈసారి కప్పు మీద గట్టిగా రాయి.

నీ తమ్ముడు


జూన్ 29

ఒరేయ్,

నిన్ను ఏం చెయ్యాలిరా నేను? నా ఉత్తరం ఆవిడకి చదివి వినిపించావా? "కొంప" అన్న ముక్క కూడా? పెద్దావిడ, కట్టుకున్న ఇల్లు, బతికిన ఇల్లు! ఆవిడ ముఖం ఎర్రబడిందని సంబరంగా రాస్తావేమిటి? సిగ్గుతో నాకు అన్నం దిగలేదు.

నేను బేరం ఆడలేదు. నిజంగానే తిట్టాను. అమ్మకీ నాకూ తేడా ఉంది. నువ్వే ఇంకా కొంగు పట్టుకు లాగే పిల్లాడిలా ఉన్నావు, అరవై దగ్గరికొచ్చినా.

ఇక్కడ చూడబోతే ఊపిరాడ్డం లేదు. బిల్డింగ్ కొట్టేస్తున్నారని తెలిసి అందరూ ఒక్కసారే బట్టలు తెచ్చి పడేస్తున్నారు. ఒకావిడ పోయినేడాది కొలతలతో కుట్టమంటుంది. మనిషి మాత్రం ఈ ఏడాదిది. "మీరే సర్దండి" అంటుంది. బట్టనైతే సర్దుతాను, ఆవిడనేం సర్దను? బిల్డింగ్ ఓనరు రోజుకోసారి వచ్చి ఎప్పుడు ఖాళీ చేస్తారని అడుగుతాడు. డిసెంబరని కాగితం మీద రాసిచ్చింది ఆయనే. మొన్న నా కళ్ళముందే గోడ కొలుచుకున్నాడు, నేను లేనట్టే.

అవునుగానీ, ఆ ఇంట్లో ముందు గదికి కిటికీ ఎటువైపు ఉంది? పొద్దున వెలుతురు ఎటు నుంచి వస్తుంది? ఊరికే అడుగుతున్నాను. నువ్వేమీ ఊహించుకోకు.

ఈ ఉత్తరం మాత్రం ఆవిడకి చదివావో, నేను నీకు అక్కనే కాను.

అక్క


జూలై 9

అక్కా,

చదవలేదు. నర్సమ్మగారే "కొత్తదేమైనా వచ్చిందా?" అని అడిగారు. "లేదండీ" అన్నాను. ఆవిడ నిరాశపడ్డట్టు కనిపించారు. మెట్టు వేయించారు, నువ్వు మోకాళ్ళ సంగతి రాశావుగా.

ముందు గదికి తూర్పున కిటికీ ఉంది. నువ్వు గోడవైపు తిరిగి కూర్చుంటే వెలుతురు ఎడంపక్క నుంచి పడుతుంది. పొద్దున్నే వెళ్ళి కుర్చీ వేసుకుని, నువ్వు కూర్చున్నట్టు కూర్చుని మరీ చూశాను. చేతి నీడ గుడ్డ మీద పడదు. నీకు కావలసింది అదేగా? ఊరికే అడిగావని తెలుసు, నేనూ ఊరికే రాస్తున్నాను.

మేస్త్రితో మాట్లాడాను. వెనక గోడ చుట్టూ రెండుసార్లు తిరిగి, అరచేత్తో తట్టి, "ఇది అలవాటు కొద్దీ నిలబడిందండి" అన్నాడు. అంటే పడగొట్టాలా అంటే "మీరు తొందరపెట్టకపోతే అదే పడుతుంది" అన్నాడు. ఇంత మనిషిని పెట్టుకుని నేను వేగాలి. చివరికి నిజం ఒప్పుకున్నాడు: వెనక గోడ కొత్తది కట్టాలి, కప్పు సగం విప్పాలి, బాత్రూమ్ కొత్తది. ముందు గదులు మాత్రం మన తరం దాటి ఉంటాయట. పనికి శీతాకాలమంతా పడుతుంది.

ఇంకో సంగతి. కోళ్ళ ఫారం ఆయన ఒకడు ఇల్లు అడుగుతున్నాడు. గదుల్లో దాణా బస్తాలు పెట్టుకుంటాడట. కిటికీలు మూసేస్తాడట! నాకు ఒళ్ళు మండిపోయింది. నువ్వు ఒక్కసారి వచ్చి కళ్ళారా చూడు. నచ్చకపోతే నీ ఇష్టం. శనివారం బస్టాండులో నేనుంటాను.

నీ తమ్ముడు


జూలై 24

తమ్ముడూ,

బస్టాండులో ఉంటానన్నావు. నువ్వూ లేవు, నీ నీడా లేదు. మీ డిపోవాళ్ళని అడిగితే "ఆయన డ్యూటీ మారిందమ్మా" అన్నారు. ఆ ముక్క నాకు ముందే చెప్పడానికి ఫోన్ లేదా? ఓహో, మనం ఫోన్‌లో మాట్లాడుకోం కదూ.

మీ బస్సుల గురించి ఒక పుస్తకం రాయొచ్చు. కిటికీ అద్దం మూయబోతే ఊడి ఒళ్ళో పడింది. కండక్టర్‌కి చూపిస్తే "పట్టుకోండమ్మా, దిగేటప్పుడు ఇచ్చేయండి" అన్నాడు. దారి పొడుగునా అద్దం పట్టుకు కూర్చున్నాను. నడుం పట్టేసింది. ఇప్పటికీ వంగలేకపోతున్నాను, ఈ ఉత్తరం గోడకి ఆనుకుని రాస్తున్నాను.

వెళ్ళి చూశాను. ఇల్లు బాగుంది. నర్సమ్మగారూ బాగున్నారు, ఏమీ మనసులో పెట్టుకోలేదు. వెలుతురు సంగతి నువ్వు రాసినట్టే ఉంది, అదీ బాగుంది. ఇంక నేను రాయడానికేమీ లేదు. చెయ్యాల్సింది నువ్వు చెయ్యి.

హాస్టల్ వార్డెన్ ఈ నెలాఖరుకల్లా ఏదో ఒకటి చెప్పమంటోంది.

అక్క


ఆగస్టు 2

అక్కా,

అర్థమైంది.

ఒకసారి కాదు, ముమ్మారు బాగుందన్నావు. ఒక్క తిట్టు లేదు. గోడ గురించి లేదు, కప్పు గురించి లేదు, తిట్లన్నీ బస్సుకే పెట్టావు. అమ్మ "బాగుందండి" అని చీర తిరిగి ఇచ్చేసినట్టే ఉంది. చివర్లో హాస్టల్ సంగతి కూడా రాశావు. నేను మరీ అంత మొద్దుని కాదు.

నిన్ననే వెళ్ళి నర్సమ్మగారికి వద్దని చెప్పేశాను. ఆవిడ, "మీ అక్కగారు వచ్చినప్పుడు ముందు గదిలో అంతసేపు కూర్చున్నారే?" అన్నారు. నడుం నొప్పి అయి ఉంటుందన్నాను. కోళ్ళ ఫారం ఆయన వచ్చే వారం డబ్బు తెస్తాడట. తేనీ. దాణా బస్తాలకైనా నీడ ఉంటుంది.

నాకు కోపం లేదు. అబద్ధం, ఉంది. నీ మీద కాదు, నా మీదే. ఎవరడిగారు నన్ను పొద్దున్నే వెళ్ళి కుర్చీ వేసుకు కూర్చోమని? పై గది నాకు, కింద నీకు, వంట ఎవరు ముందు లేస్తే వాళ్ళు, అని అన్నీ నేనే పంచేసుకున్నాను. నీకు నాతో కలిసి ఉండటం ఇష్టం లేదని ముఖం మీద చెప్పలేక, ఇల్లు బాగుందని రాసి ఊరుకున్నావు. చెప్పినా ఏమీ అనుకునేవాణ్ణి కాదు. మళ్ళీ అబద్ధమే. అనుకునేవాణ్ణి.

హాస్టల్ ఖాయం చేసుకో. మిషన్ నా దగ్గర పెట్టు, కొత్త గదిలో చోటుంటే.

నీ తమ్ముడు


ఆగస్టు 8

ఒరేయ్ మూర్ఖుడా,

నీ ఉత్తరం పొద్దున అందింది. చదివిన కాగితం బల్ల మీదే వదిలేసి, కత్తిరించిన గుడ్డ మిషన్ మీదే వదిలేసి, షాపుకి తాళం వేసి బస్సెక్కాను. సగం కుట్టిన రవిక కోసం ఒకావిడ అక్కడ తలుపు బాదుతూ ఉంటుంది. బాదనీ.

బాగుందంటే బాగుందనేరా! తెలుగే కదా రాశాను! నెత్తీనోరూ కొట్టుకుని వద్దన్నప్పుడు కావాలన్నానన్నావు. మనసారా బాగుందని రాస్తే వెళ్ళి వద్దని చెప్పొచ్చావు. నీకు ఉత్తరం రాయడం కంటే గోడకి చెప్పుకోవడం నయం. అవతల ఏం రాశానో చూడవు, అమ్మ ఏమనేదో చూస్తావు.

కానీ తప్పంతా నీదే అనడానికీ లేదు. ఆ "బాగుంది" రాయడానికి నాకెంత కష్టమైందో నీకు తెలియదు. నాకిది కావాలి అని జన్మలో ఎవరితోనూ అనలేదు నేను. అందుకే ఆ ఒక్క ముక్క రాసి, మిగతా కాగితమంతా బస్సుని తిట్టి నింపాను.

మధ్యాహ్నానికి ఇక్కడికొచ్చాను. నర్సమ్మగారు వరండాలో సామాను కడుతున్నారు. ఎదురుగా నిలబడి నోరు తెరిస్తే మొదట ఏం వచ్చిందో తెలుసా? "ఈ వరండా మెట్లు మరీ ఎత్తండీ" అని! అలవాటు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, "మళ్ళీ మొదలుపెట్టారా? అయిపోయిందండీ, వద్దన్నారుగా" అని లేచి లోపలికి నడిచారు. అప్పుడు అరిచాను. నిజంగా అరిచాను, పక్క పొలంలో మనిషి తలెత్తి చూశాడు. "నాకీ ఇల్లు కావాలండీ! నాకు చాలా ఇష్టం! ఇది లేకపోతే నాకు పోవడానికి చోటు లేదు!" అన్నాను. అని ఆ ఎత్తు మెట్టు మీదే కూర్చుని ఏడ్చాను.

ఆవిడ నీళ్ళు తెచ్చి ఇచ్చారు. "ధర పైసా తగ్గించను" అన్నారు. "తగ్గించొద్దు" అన్నాను. "ఇంత కావాలని చెప్పాక ఏ అమ్మేవాళ్ళైనా పెంచుతారు, తెలుసా?" అన్నారు. "పెంచండి" అన్నాను. ఆవిడ నవ్వారు. పెంచలేదు. కోళ్ళ ఫారం ఆయన ఇంకా డబ్బు కట్టలేదు, ఆవిడే కబురు పంపించి వద్దన్నారు. ఆయనకి కోపం వచ్చిందట. రానీ.

ఇంక నీ సంగతి. నీతో కలిసి ఉండటం నాకిష్టం లేదని ఎలా అనుకున్నావురా? చేతులెలా వచ్చాయి ఆ ముక్క రాయడానికి? సాయంత్రం షాపు మూసి పైకి వెళ్తే నన్ను ఎవరూ పలకరించరు. అలిసిపోయావా అనే దిక్కు లేదు. రాయి, పెంకులు, ఎవడిక్కావాలి? ఈ ఇల్లు కొంటానంది అందులో నువ్వుంటావనే. నువ్వు రానంటే చెప్పు, ఇప్పుడే వెళ్ళి కోళ్ళవాడి కాళ్ళు పట్టుకుని తిరిగి పిలుస్తాను.

కాగితాల మీద ఇద్దరి సంతకాలూ కావాలి. నువ్వొచ్చేదాకా ఇక్కడే ఉంటాను. సెలవు పెట్టు, ఇవ్వకపోతే పెట్టకుండానే రా. డ్యూటీ మారిందని మాత్రం రాయకు.

అక్క


ఆగస్టు 12

అక్కా,

సెలవు ఇవ్వలేదు. బయల్దేరుతున్నాను. దీన్ని ఇక్కడి డబ్బాలో వేసి ఆ పక్క బస్సే ఎక్కుతాను కాబట్టి, నీ చేతికి ఇది వచ్చేసరికి నేను నీ ఎదురుగానే ఉంటాను. నా ముందు చదవకు. అవతలికి వెళ్ళి చదువుకో.

ఎదురుగా కూర్చుని చెప్పలేనిది ఒకటి ఉంది, అందుకే రాస్తున్నాను. నీ మరదలు పోయినప్పటి నుంచి నేను క్వార్టర్లో పడుకోవడం లేదు. బట్టలు అక్కడ మార్చుకుని డిపోకి వచ్చి, డ్రైవర్ల రెస్ట్ రూమ్‌లో మంచం వేసుకుంటున్నాను. క్వార్టర్లో చప్పుడు లేదక్కా. తాళం తీస్తే గది ఎలా వదిలానో అలాగే ఉంటుంది, ఒక్క గిన్నె కూడా చోటు మారి ఉండదు. రెస్ట్ రూమ్‌లో ఎవడో ఒకడు దగ్గుతుంటాడు, తెల్లారుజామున బస్సు తీసేవాడు చెప్పుల కోసం వెతుక్కుంటూ అందరినీ తిడుతుంటాడు. ఆ తిట్లు వింటూ నిద్రపోతాను. మార్చిలో రిటైరైతే అక్కడ కూడా పడుకోనివ్వరు. ఇల్లు ఇల్లని నీ ప్రాణం తీసింది అందుకే. నీకు చోటు కావాలని రాశాను. కావలసింది నాకు.

ఇది చదివాక నన్నేమీ అడగకు. జాలిగా చూడకు, నాకు ఒళ్ళు మండుతుంది. వంట బాగా లేదని తిట్టు, చెప్పులు అడ్డంగా విడిచానని తిట్టు, ఏదో ఒకటి అంటూ ఉండు. నువ్వు గురక పెడతావు, చిన్నప్పటి నుంచీ పెడతావు, ఒప్పుకోవు. నీ గది తలుపు వేసుకోకుండా పడుకో.

నీ తమ్ముడు